పింగాణీ బేసినులో ఆఖరి ముద్ద

మా అమ్మ మామిడికాయ తొక్కు కలిపేది తెల్లటి పింగాణీ బేసినులో. దాని అంచు నీలం. అడుగున రెండుచోట్ల పెచ్చు లేచి నల్లటి మచ్చలు పడ్డాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో మేం కిరాయికి ఉన్న రెండు గదుల ఇంట్లో ఆ బేసిను ఏడాదంతా మంచం కింద బోర్లించి ఉండేది. ఎండాకాలంలో ఒక్కరోజే బయటికి వచ్చేది.

నాన్న బస్సు డ్రైవరు. నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి పట్నంలో నిలదొక్కుకున్నవాడు. ఆయన డ్యూటీ దిగి మలక్‌పేట నుంచి కాయల సంచి మోసుకొస్తే, అమ్మ వాటిని కడిగి, తడి లేకుండా తుడిచి, ముక్కలు కొట్టించేది. అల్లం, ఎల్లిపాయ నూరుతుంటే ఆ వాసన గల్లీ చివరిదాకా పోయేది. తొక్కంతా జాడీకి ఎత్తాక బేసినుకు అంటుకున్న కారాన్నీ నూనెనూ అమ్మ కడిగి పారబోసేది కాదు. పొగలు కక్కే అన్నం అందులో గుమ్మరించి, చేత్తో అంచులన్నీ తడుముతూ కలిపేది. నేనూ తమ్ముడూ అరచేతులు చాపి ఎదురుగా కూర్చునేవాళ్లం.

ముద్ద అరచేతిలో పడగానే చురుక్కుమనేది. ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ, ఊదుకుంటూ తినేవాణ్ణి. కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు. మంచినీళ్ల చెంబు ఒక్కటే. నేను తాగి తమ్ముడికిచ్చేవాణ్ణి, వాడు తాగి అమ్మకిచ్చేవాడు. అమ్మ మధ్యమధ్య తనూ ఒక ముద్ద నోట్లో వేసుకుని, అదే చేత్తో మాకు ఇంకోటి పెట్టేది. ఎంగిలి అన్న మాట ఆ పూట మా ఇంట్లో ఉండేది కాదు.

ఆఖరి ముద్ద వేరే. బేసిను అంచులు పూర్తిగా తుడిచి తీసిన ముద్ద అది. ఎల్లిపాయ తునకలు, ఆవపొడి, అడుగున మిగిలిన నూనె అన్నీ దాంట్లోనే ఉండేవి. దాన్ని అమ్మ ఏటేటా తమ్ముడికే పెట్టేది. చిన్నోడు కదా అనేది. వాడికిప్పుడు జుట్టు నెరిసింది. అమ్మ లెక్కలో ఇంకా చిన్నోడే.

ఇలాంటివి నేను మరచిపోను. దిల్‌సుఖ్‌నగర్‌లో నాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. కోచింగ్ పిల్లల నోట్సులు తీస్తాను. మా గల్లీలో మురుగు పొంగినా, వీధిదీపం ఆరిపోయినా అర్జీ రాసి, దాని నకలు ఫైలులో పెట్టేది నేనే. ఎవరు ఏ రోజు ఏమన్నారో కూడా ఆ ఫైలులోనే రాసుకుంటాను. రాసుకోకపోతే రేపు ఎవడూ అనలేదంటాడు.

మూడేళ్ల కింద నాకు కడుపులో మంట పట్టుకుంది. తిన్నా మంటే, తినకున్నా మంటే. ఎల్‌బీ నగర్‌లో ఒక డాక్టరమ్మ గొట్టం వేసి చూసి, కడుపులో హెచ్ పైలోరి అనే బ్యాక్టీరియా ఉందని చెప్పింది. పొట్ట లోపలి పొరలో కాపురం పెట్టే క్రిమి అట. చాలామందికి చిన్నప్పుడే, ఇంట్లోవాళ్ల నుంచే వస్తుందట. నీళ్ల వల్ల కావచ్చు, ఎంగిలి వల్ల కావచ్చు, ఫలానా దారినే వచ్చిందని ఎవరి విషయంలోనూ తేల్చి చెప్పలేమంది. రెండు వారాల మందులు రాసింది.

అక్కణ్నుంచి నేరుగా తమ్ముడి ఇంటికి వెళ్లాను. వాడి ఫ్లాటు ఎల్‌బీ నగర్‌లోనే. నాన్న పోయాక అమ్మ అక్కడే ఉంటోంది. ఆ రోజు తొక్కు పెట్టే రోజు. అమ్మ వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని కాయలు తుడుస్తోంది. డాక్టరమ్మ చెప్పినదంతా తలుపు దగ్గర నిలబడే చెప్పేశాను. మంటమీద ఉన్నవాణ్ణి, కొంచెం గట్టిగానే చెప్పి ఉంటాను.

తొక్కన్నం కలిపే వేళ అవమానం జరిగింది. తమ్ముడి భార్యది కోస్తా. మాట మెత్తన. అందరికీ అమ్మ ముద్దలు పెట్టబోతుండగా ఆమె ఒక స్టీలు పళ్లెం, చెంచా తెచ్చి నా ముందు పెట్టింది. "బావగారూ, మీకు ఇందులో పెడతానండి," అంది. అందరూ ఉండగా నన్ను ఒక్కణ్ణి వేరుగా కూర్చోబెట్టినట్టయింది. రెండు మెతుకులు కతికి లేచి వచ్చేశాను. ఇంటికొచ్చి తేదీ వేసి ఫైలులో రాసుకున్నాను.

మందులు వాడినన్నాళ్లు నోట్లో ఇనుము నాకినట్టు ఉండేది. తరవాత ఊపిరి పరీక్ష చేసి క్రిమి పోయిందన్నారు. ఆ కాగితానికి నాలుగు జిరాక్సులు తీసి, ఒకటి తమ్ముడి ఇంటి లెటర్ బాక్సులో వేసి వచ్చాను. తలుపు కొట్టలేదు. మరుసటి ఏడు తొక్కుకూ పోలేదు, ఆ పైఏడూ పోలేదు. అంతకుముందు ఎన్ని జ్వరాలు, ఎన్ని వానలు వచ్చినా ఆ రోజు తప్పినవాణ్ణి కాదు. షాపులో కూర్చుంటే ఎక్కడినుంచో నూరిన అల్లం వాసన వచ్చేది. షట్టరు సగం దించుకుని కూర్చునేవాణ్ణి.

నిరుడు అసలు కష్టం వచ్చింది. విరేచనంలో నెత్తురు, రోజుకు పదిసార్లు పరుగు. ఈసారి చెడింది పెద్దపేగు. లోపలి గోడంతా వాచి పుండ్లు పడ్డాయట. ఎవరూ తెచ్చింది కాదు, రోగాల్ని ఆపాల్సిన ఒంటిలోని కాపలాయే తన ఒంటిమీద తిరగబడే జబ్బు అని, రోజూ వేసుకునే మాత్రలు రాసింది డాక్టరమ్మ. అప్పటినుంచి దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా నాకు రోడ్డంటే బాత్రూములే. ఏ హోటల్లో చాయ్ తాగకున్నా పోనిస్తారో, ఏ బట్టల షాపులో మెట్లు ఎక్కాలో అన్నీ తెలుసు. ఏళ్లుగా నా దగ్గర జిరాక్సులు తీయించుకున్న ఒక హోటలాయన, బాత్రూము కస్టమర్లకు మాత్రమే అన్నాడు. అదీ ఫైలులో ఉంది.

నాకు ఒక అనుమానం పట్టుకుంది. రిపోర్టులన్నీ వరసగా పేర్చుకుని డాక్టరమ్మ ముందు కూర్చున్నాను. ఆ క్రిమి ఉన్నన్నాళ్లు నా పేగులు బాగున్నాయి, మీరు దాన్ని చంపారు, పేగులు చెడ్డాయి, దీనికి మీరేమంటారని అడిగాను. జవాబు రాసిమ్మని కూడా అన్నాను.

ఆమె కోప్పడలేదు. ఆ క్రిమి ఉన్నవాళ్లలో ఈ పేగువాపు కాస్త తక్కువగా కనిపిస్తుందన్న మాట నిజమేనంది. అది ఒంటి కాపలాను కొంత శాంతపరుస్తుందేమోనని ఒక ఊహ ఉందట. కానీ నలుగురూ కలిసి తిని పెరిగిన ఇళ్లలో ఆ క్రిమి ఎక్కువ. మరి కాపాడేది ఆ క్రిమా, ఆ పెంపకంలో ఇంకేదైనానా అన్నది తేలలేదట. మందు వేసినందుకే పేగు చెడిందని చెప్పడానికి లేదంది. "దాన్ని ఉండనిస్తే కడుపులో పుండ్లు పడొచ్చు, క్యాన్సర్ భయం కూడా ఉంటుంది. చంపడమే సరైన పని. ఈ మాత్రలు మాత్రం ఆపకండి," అని లేచింది.

నేను మొదటి సగమే పట్టుకున్నాను. మెట్రోలో కూర్చున్నంతసేపూ కళ్లముందు పింగాణీ బేసినే. అమ్మ చేతి ముద్ద తిన్నన్నాళ్లు నాకు ఈ పేగు జబ్బు లేదు. అయితే అదే కావాలి. అమ్మ దగ్గర ఆ క్రిమి ఇంకా ఉండే ఉంటుంది. మళ్లీ ఆ చేత్తో తింటే అది నాకు వచ్చేస్తుంది, ఒంటి కాపలా శాంతిస్తుంది. ఎవరికీ చెప్పకుండా పేగు మాత్రలు ఆపేశాను. ఈ ఎండాకాలం తొక్కు రోజుకు పది రోజుల ముందు సంగతి.

ఆ రోజు తమ్ముడి ఇంట్లో అడుగుపెట్టేసరికి కడుపు మళ్లీ మెలిపెట్టడం మొదలైంది. తొక్కు జాడీకెక్కింది. అదే బేసిను, అదే నీలం అంచు. అమ్మ అన్నం గుమ్మరించి గంటెతో కలుపుతోంది. అమ్మ తొక్కన్నం గంటెతో కలపగా నేనెప్పుడూ చూడలేదు. ఎదురుగా కూర్చుని అరచెయ్యి చాపాను. అమ్మ ముద్ద చేయలేదు, మరదలివైపు చూసింది. మరదలు స్టీలు పళ్లెం తెచ్చింది.

"ఈసారి పళ్లెం వద్దు. మూడేళ్ల కింద ఇందులోనే నన్ను వేరు పెట్టినవ్. నేను మర్చిపోలే," అన్నాను.

 మరదలు పళ్లెం పట్టుకుని అలాగే నిలబడింది.

"దాన్నెందుకంటవ్‌రా," అంది అమ్మ. "పళ్లెం తెమ్మన్నది నేను."

"నువ్వా? ఎందుకు?"

"నువ్వే గదరా అన్నది. అగో, ఆ తలుపుకాడ నిలవడి. మా అమ్మ చేతి ముద్దలతోటే నా కడుపు కరాబైందంటివి. నువ్వు లేసిపోయినసంది ఎవ్వలకు చేత్తోని పెడ్తలేను. పిల్లలక్కూడ పెడ్తలేను."

నేను అలా అన్నానా అని తమ్ముడివైపు చూశాను. వాడు తలొంచుకుని ఔనన్నట్టు ఊపాడు. "అత్తయ్యగారే మీకు చెప్పొద్దన్నారండి," అంది మరదలు, పళ్లెం వెనక్కి తీసుకుపోతూ.

అందరి మాటలూ రాసుకున్న ఫైలులో ఆ మాట లేదు. అది నేనన్నది కనుక.

అప్పుడు ఎందుకొచ్చానో మొత్తం చెప్పాను. క్రిమి సంగతి, మాత్రలు ఆపిన సంగతి, ముద్ద ఎందుకు కావాలో. తమ్ముడు నోరు తెరిచి విన్నాడు. అమ్మ మాత్రం గంటె బేసిను అంచుకు ఆనించి నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"రోగం మల్ల కావాల్నని ముద్ద అడుగుతవా? నీకు కడుపు గాదు కొడుకా, తలకాయ చూపియ్యాలె." బేసిను పక్కకు జరిపి, "మాత్రలేసుకుంటేనే పెడ్త," అంది.

ఆపేసినా జేబులోంచి తియ్యని మాత్రల అట్టలోంచి ఒకటి అక్కడే వేసుకున్నాను. అమ్మ లేచి సింకు దగ్గర మోచేతుల దాకా రెండుసార్లు సబ్బుతో రుద్ది కడుక్కుంది. నీళ్లు కారుతున్న చేతుల్ని కొంగుకు తుడవకుండా గాల్లో పట్టుకుని ఆరబెట్టుకుంది. కారం నాకు పడదని చిన్న గిన్నెలో పెరుగన్నం కలిపింది. ముద్ద చేశాక ఆమె చెయ్యి నా అరచేతిమీద ఒక్క క్షణం ఆగింది, పెట్టాలా వద్దా అన్నట్టు. నేనే చెయ్యి పైకెత్తి అందుకున్నాను. చల్లగా, చప్పగా ఉంది. వేళ్ల సందుల్లో సబ్బు వాసన. ఎన్నేళ్లయిందో నా అరచేతిలో ముద్ద పడి.

ఇంటికొచ్చి ఫైలు తీశాను. మూడేళ్ల కింది ఆ తేదీ ఎదురుగా మరదలు అని ఉంది. దాన్ని కొట్టేసి, నేను అని రాశాను.

బేసిను అంచులు తుడిచిన ఆఖరి ముద్దను ఈసారీ అమ్మ తమ్ముడికే పెట్టింది. చేత్తోనే పెట్టింది. నేను చూస్తూ కూర్చున్నాను. అదీ ఫైలులో రాశాను, దాన్ని మాత్రం కొట్టేయలేదు.