ఎడమ పక్క ఆకుపచ్చ

పదిహేడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. బరువు అలవాటైపోతుందంటారు. నాకు కాలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. ఆళ్లగడ్డ మనిషినని తెలిస్తే చాలు. తెలిసినవాళ్ల ముఖం చూస్తూ చెప్పే ధైర్యమే ఉంటే ఈ కాగితంతో పని ఉండేది కాదు.

నేను వైమానిక దళంలో రంగులు వేసేవాణ్ణి. విమానానికి రంగు వేయడానికి ఒక మనిషి ఉంటాడని మా అమ్మ చివరిదాకా నమ్మలేదు. నాయన రాతి శిల్పి. గీత తిప్పే చేయి ఆయన నుంచే వచ్చింది. మా షెడ్డులో మన వైపు మనిషి ఇంకొకడే ఉండేవాడు, నంద్యాల రత్నం. బడిపంతులు కొడుకు, ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి, నాకంటే జానెడు పొడుగు. మన మాట వినపడని ఉత్తరాదిన అతనికి నేను, నాకు అతను.

డెబ్బై ఒకటి చివర్లో యుద్ధం వస్తుందని తెలిసిపోయింది. అంతవరకూ మా విమానాలు వెండిగిన్నెల్లా మెరిసేవి. పైనుంచి శత్రువుకు ఇట్టే కనబడతాయని, వాటిని ఆకుపచ్చ, మట్టిరంగు మరకలతో కప్పేయమన్నారు. స్ప్రే యంత్రాలు చాలక కుంచెలతోనే వేశాం. మరక అంచు తిన్నగా ఉండకూడదు. చేనుగట్టులా వంకరపోవాలి, అప్పుడే కన్ను మోసపోతుంది. ఆ అంచు తిప్పడంలో నన్ను మించినవాడు లేడని నాకు పొగరు.

ఒక్కో విమానానికి ఇద్దరం. ఎవరిది ఏ పక్కో ముందే కాగితంలో రాసి సంతకం పెట్టాలి. ఆ రోజు ఎడమ పక్క రత్నానిది, కుడి పక్క నాది. తీరా చూస్తే నిచ్చెన ఒక్కటే ఉంది, అదీ ఎడమ పక్కన. రత్నం పొడుగు కాబట్టి పెట్టె మీద నిలబడినా చేయి అందుతుంది. నువ్వు నిచ్చెన పక్కకు పో, నేను ఇటు చూసుకుంటానన్నాడు. మార్చుకున్నాం. కాగితం మార్చలేదు. అంత తీరిక ఎవరికుంది?

ఎడమ పక్కన, ముక్కు దగ్గర, శనగగింజంత రంధ్రం ఉంటుంది. బయటి గాలి అందులోంచి పోతేనే లోపల ఎత్తు చూపే ముల్లు కదులుతుంది. రంగు లోపలికి పోకుండా దాని మీద ఎర్ర టేపు అంటించి, పని అయ్యాక పీకేయాలి. మరిచిపోకుండా కంటికి కొట్టొచ్చినట్టు కనబడాలనే ఎరుపు. ఆ రోజు ఎర్ర టేపు అయిపోయింది. గోధుమరంగు కాగితం టేపు అంటించాను. దాని మీదుగా ఆకుపచ్చ వేసుకుంటూ పోయాను. పది అడుగులు వెనక్కి నడిచి, అంచు ఎంత బాగా వచ్చిందో చూసుకుని మురిసిపోయాను. టేపు కనబడలేదు. శత్రువు కోసం వేసిన రంగు మొదట నన్నే మోసం చేసిందని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. రంగు మీద నెపం ఎందుకు? తీయడం మరిచిపోయాను. అంతే.

మర్నాడు పొద్దున ఆ విమానం ఎగిరింది. దిగే వేళకు పొగమంచు కమ్మింది. ఎత్తు చూపే ముల్లు కదలక, నేల ఎంత దూరమో తెలియక, రన్‌వేకి ముందే పొలంలో నేలను గుద్దుకుంది. పైలట్ బతికాడు. ఒక కాలు మోకాలి దాకా తీసేశారు. ముక్కలు ఏరుతుంటే ఒక అధికారి ఎడమ పక్క రేకును గోటితో గీకాడు. ఆకుపచ్చ పొర లేచింది. దాని కింద కాగితం. నేను పక్కనే ఉన్నాను.

విచారణలో నన్ను ముందు పిలిచారు. కాగితంలో ఉన్నట్టే పనిచేశారా అని అడిగారు. అవునన్నాను. తర్వాత రత్నం లోపలికి పోయి, పక్కలు మార్చుకున్నామని ఉన్నదున్నట్టు చెప్పాడు. నన్ను మళ్లీ పిలిచారు. ఈసారి అతను ఎదురుగా ఉన్నాడు. మార్చుకోలేదన్నాను. అతను నన్ను ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. అతన్ని కొలువులోంచి తీసేశారు. నేను ఉండిపోయాను.

ఇంతవరకూ భయం. భయపడ్డవాణ్ణి మీరు కొంచెమైనా అర్థం చేసుకుంటారేమో. అసలు చెప్పవలసింది ఆ తర్వాతది.

ఎనభైల్లో కొలువు ముగించుకుని ఊరికి వచ్చాను. ఒకరోజు నంద్యాల బస్టాండు పక్కన బోర్డు మీద అక్షరాలు రాస్తున్న మనిషిని వెనకనుంచే గుర్తుపట్టాను. ఆ పొడుగు దాగేది కాదు. తప్పుకుందామనుకునే లోపు తిరిగాడు. తిడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. స్టూలు తుడిచి కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు, పిల్లల సంగతి అడిగాడు. తర్వాత కుంచె డబ్బాలో పెట్టాడు.

“ఒక మాట అడుగుతా, నిజం చెప్పప్పా. ఆ పొద్దు మనం పక్కలు మార్చుకున్యామా, లేదా?”

నేను టీ గ్లాసు కింద పెట్టాను.

“మార్చుకున్యామనే ఇన్నేండ్లు అనుకుంటాండా. ఇంట్లో ఎవురూ నమ్మల్యా. నాయన నమ్మకుండానే పోయినాడు. ఇప్పుడు నాకే అనుమానం వస్తాండాది. ఆ నిచ్చెన, ఆ పెట్టె, అన్నీ నేనే కల్పించుకున్యానేమో. ఆడ ఉండింది మనిద్దరమే. నువ్వు చెప్తే నమ్ముతా.”

అప్పుడు నన్ను శిక్షించేవాళ్లెవరూ లేరు. చుట్టుపక్కల వినేవాళ్లు కూడా లేరు. ఒక్క అవును చాలు, ఆ మనిషికి తన బుర్ర మీద తనకు నమ్మకం తిరిగి వచ్చేది. ఎందుకు అనలేకపోయాను? పరువా? పిల్లలా? నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా ఒక కారణం దొరకలేదు, దొరికినవన్నీ సాకులే.

“లేదు రత్నం. మార్చుకోల్యా.”

అతను గోళ్లలో ఇరుక్కున్న రంగు గీక్కుంటూ కూర్చున్నాడు.

“అట్లయితే నేనే. ఇన్నేండ్లు లోపల నిన్ను తిట్టుకున్యా. మనసులో పెట్టుకోవద్దప్పా.”

పర్వాలేదులే అన్నాను. అతన్ని క్షమించాను. విన్నారా, నేను అతన్ని క్షమించాను.

ఇప్పుడు ప్రతి ఆదివారం రత్నం చర్చిలో లేచి, తన తప్పు వల్ల కాలు పోయిన మనిషి కోసం ప్రార్థన చేస్తాడట. ఈ మాట విన్నప్పటి నుంచి అన్నం సయించడం లేదు. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సులకేం కొదవ. రెండుసార్లు ఎక్కాను. రెండుసార్లూ దారి మధ్యలో, శిరివెళ్లలో దిగి వెనక్కి వచ్చాను. మళ్లీ ఎక్కుతానని మీకు మాట ఇవ్వలేను. ఇచ్చే మాటకు నా దగ్గర విలువ ఏముంది?

నన్ను క్షమించమని అడగను. ఆ మాట వాడే హక్కు ఆ బస్టాండు పక్కనే పోగొట్టుకున్నాను. రాస్తుంటే మాత్రం బరువు కొంచెం తగ్గింది, అదీ సిగ్గుగానే ఉంది. ఆ ఎడమ పక్క రంగు వేసింది నేను. టేపు అంటించింది నేను. రత్నం ఆ పొద్దు కుడి పక్కన, పెట్టె మీద నిలబడి ఉన్నాడు. అతనికి గుర్తున్నదంతా నిజం.