రెండో మగ్గం

నేను అక్షరాలు నేర్చుకున్నది మనవరాళ్లు పుట్టాక. ఇప్పటికీ ఎడమ కన్ను అరచేత్తో మూసుకొనే రాస్తాను. లేకపోతే ప్రతి గీత పక్కన ఇంకో గీత లేస్తుంది.

చిన్నప్పుడు నాకు అన్నీ రెండేసి కనిపించేవి. సిద్దిపేటలో మా ఇంట్లో ఉన్నది ఒకటే మగ్గం, నాకు రెండు. మా నాన్న, బాపు కూడా ఇద్దరే. అందరికీ అట్లాగే కనిపిస్తుందనీ, చేతికి తగిలిందే అసలుదనీ అనుకునేదాన్ని. నా ఎడమ కనుగుడ్డు ముక్కువైపు తిరిగి ఉండేది. మెల్లకన్ను అదృష్టమని నాయనమ్మ మురిసేది.

అవి యుద్ధం రోజులు. నూలు దొరకడమే కష్టం. మగ్గం మీది పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోతే దాని కొసలకు కొత్త పడుగును ఒక్కో పోగే అతకాలి. వేళ్లకు బూడిద అద్దుకొని మెలిపెట్టాలి. అది అమ్మ పని. అమ్మ పురిటి మైలలో ఉండడంతో నన్ను కూర్చోబెట్టారు. నేను అతకకపోతే మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగితే ఇంట్లో తినడానికి జొన్న గటక కూడా ఉండదు.

పోగనుకొని పట్టుకుంటే వేళ్ల మధ్య ఏమీ ఉండేది కాదు. మధ్యాహ్నానికి పది కూడా అతకలేదు. వాటిలోనూ సగం తప్పులే.

"కండ్లు నెత్తికెక్కినయా పోరీ? పోగు ముంగటనే ఉన్నది గదా!" అన్నాడు బాపు.

"రెండున్నయి బాపూ. ఏది పట్టాల్నో జెప్పు."

బాపు పోగును అటూ ఇటూ నడిపే నాడె పైకెత్తాడు. "ఇవెన్ని?"

"రెండు."

"ఒక్కటే గదనే!"

"నువ్విద్దరున్నవు గద. చెరొకటి పట్టుకున్నవు."

బాపు నాడె దించాడు. నా ముఖంలోకి వంగి చూసి నాయనమ్మను పిలిచాడు.

నాయనమ్మ పాత చీర పేలిక చింపి నా ఎడమ కంటికి కట్టింది. "ఇగ జూడు బిడ్డా."

చూశాను. రెండో బాపు లేడు. చప్పుడు చేయకుండా పోయాడు. పడుగు మీద ప్రతి పోగూ వెంట్రుకంత సన్నగా, ఒంటిగా, తన జాగలో తాను ఉంది. పోగుకూ పోగుకూ మధ్య అంత సందు ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. చెయ్యి వేయడానికే భయమేసింది.

"నాయనమ్మా, ఆయన ఎటు వోయిండు?"

"ఎవరే?"

"ఇంకో బాపు."

"ఉన్న ఒక్కనితోనే ఏగలేక సస్తున్న, ఇంకొకడా!"

నాలుగో రోజుకు పడుగంతా అతికాను. బాపు నేత మొదలుపెట్టాడు. ఒక్క పోగు తెగలేదు. అప్పుడు పేలిక కొంచెం పైకి జరిపాను. రెండో మగ్గం తిరిగొచ్చింది. రెండో బాపు దాని మీద నేస్తున్నాడు. అక్కడ కూడా పోగులన్నీ అతికే ఉన్నాయి.