చిన్నాయనను దొర పిలిచిన పిలుపు

మొన్న టీవీలో ఏదో జర్మనీ కచేరీ చూపిస్తూ, చేతిలో పుల్లతో వాద్యగాళ్లను నడిపిస్తున్న ముసలాయన బొమ్మ కింద ‘కపెల్‌మైస్టర్’ అని వేశారు. అది చదవగానే నవ్వొచ్చింది, వెంటనే మా చిన్నాయన గుర్తొచ్చాడు.

కదిరిలో మా చర్చి బ్యాండుకు ఆయనే పెద్ద. పగలు శనక్కాయల మండీలో మూటలు మోసి, సాయంత్రం క్లారినెట్ పట్టేవాడు. అందరూ మేస్త్రీ అనేవాళ్లు. నేను అనంతపురంలో పత్రికలో చేరిన కొత్తలో, కరువు పనులు చూడటానికి వచ్చిన ఒక జర్మనీ దొర ఆదివారం ఆరాధనలో ఆయన వాయిద్యం విని, బయటికొచ్చాక చెయ్యి పట్టుకొని ఊపుతూ ‘కపెల్‌మైస్టర్, కపెల్‌మైస్టర్’ అని, జీపెక్కి వెళ్లిపోయాడు. చిన్నాయన ఆ మాటను బెల్లంముక్కలా చప్పరిస్తూ తిరిగాడు, డ్రమ్ము వాయించే మేనల్లుడు నోరు తెరిచేదాకా.

“కపి అంటే కోతి మామా. మేము కోతులు, నువ్వు మేస్త్రీ. దొర సరిగ్గానే అనినాడు.”

అందరితోపాటు తనూ నవ్వాడట. కానీ ఆ తర్వాతి ఆదివారం క్లారినెట్ పెట్టె తెరవలేదు. క్రిస్మస్ దగ్గర పడుతున్నా ఎవరినీ సాధనకు పిలవలేదు. చిన్నమ్మ కబురు చేస్తే వెళ్లాను. ఇన్నేళ్ల తన వాయిద్యం సంగీతం తెలిసినవాళ్లకు కోతులాటలా కనిపించిందేమోనని ఆయన లోలోపల కుమిలిపోతున్నాడని ఆమె చెప్పింది. తిరిగొచ్చేటప్పుడు చిన్నాయన బస్టాండు దాకా వచ్చాడు.

“పేపర్లో పని చేస్తాండావు గదా, ఆ మాటేందో కనుక్కోప్పా. కోతి అనే ఉంటే అదే చెప్పు, దాచొద్దు.”

మా ఆఫీసులో ఆ మాటకు అర్థం దొరకలేదు. చివరికి ఒక కాలేజీ గ్రంథాలయంలో లావుపాటి జర్మన్-ఇంగ్లీషు నిఘంటువు దొరికింది. కపెల్లె అంటే చిన్న ప్రార్థనామందిరం. ఎప్పుడో ఒక భక్తుడి పైవస్త్రాన్ని దాచిన గదికి ఆ వస్త్రం పేరే వచ్చి, తర్వాత అలాంటి మందిరాలకూ, వాటిలో పాడేవాళ్లకూ వాయించేవాళ్లకూ అంటుకుందట. మైస్టర్ అంటే పెద్ద. పక్కనే ఉన్న తెలుగు నిఘంటువు తిరగేస్తే, పోర్చుగీసువాళ్ల నోట మనదాకా వచ్చిన మేస్త్రీకీ, ఈ మైస్టర్‌కీ లాటిన్‌లో మూలం ఒక్కటేనని తేలింది. అక్కడే కూర్చుని గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను.

చర్చి అరుగు మీద బ్యాండువాళ్లందరి ముందూ ఈ సంగతి చెప్పాను.

“అయితే ఆ దొర గూడా నన్ను మేస్త్రీ అనే అనినాడు,” అని చిన్నాయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

అంటే మేము కోతులం కాదన్నమాట అని మేనల్లుడు నసిగాడు.

“వాళ్లు కాదు. నువ్వు మాత్రం కోతివే, తాళం నిలబడదు నీకు,” అంటూ చిన్నాయన పెట్టె తెరిచాడు. ఆ క్రిస్మస్‌కు వాయించినంత హాయిగా ఆయన మళ్లీ వాయించగా నేను వినలేదు.

ఇప్పుడు పండగొస్తే మా చర్చి ముందు స్పీకర్లు పేర్చి ఒక మీట నొక్కుతారు. అన్నీ సరిగ్గానే మోగుతాయి. ఎవరూ ఎవరినీ కసురుకోనక్కర్లేదు, ఒకరి ముఖం ఒకరు చూసుకోనక్కర్లేదు. మేస్త్రీ అన్న పిలుపు మాత్రం మా వీధిలో ఇంకా వినబడుతుంది. తిరిగి చూస్తే, ఇల్లు కట్టేవాళ్లు ఉంటారు.