కటింగ్ అనుకున్న టీబీ

నడుముకు కట్టుకునే లిఫ్టింగ్ బెల్ట్ ఆ రోజు మామూలు కంటే ఒక రంధ్రం లోపలికి పోయింది. ఇదేదో తేడాగా ఉందే అని ఒక్క క్షణం అనిపించింది, ఎందుకంటే నేను తిండి పెద్దగా తగ్గించనే లేదు. మరుక్షణం సంబరపడ్డాను. ఇంకో నెలలో మిర్యాలగూడలో ఉమ్మడి జిల్లా బాడీబిల్డింగ్ పోటీలు. పోటీకి ముందు ఒంట్లో కొవ్వు కరిగించి కండరాల గీతలు బయటికి తేవడాన్ని మేము కటింగ్ అంటాం. నాకు కటింగ్ దానంతట అదే అయిపోతోంది. ఇంకేం కావాలి?

మాది మునగాల. కోదాడలో ఒక జిమ్‌లో ట్రైనర్‌గా పనిచేస్తూ పన్నెండేళ్లుగా పోటీలకు వెళ్తున్నాను. మూడో స్థానం దాటి ఎప్పుడూ పైకి రాలేదు. నాతో కలిసి కసరత్తు చేసే జోడీ సైదులు, లారీ మెకానిక్. బెంచ్ ప్రెస్‌లో ఒకరు పడుకుని బరువెత్తుతుంటే ఇంకొకరు తల దగ్గర నిలబడి బార్ జారకుండా చూడాలి. నేను వాడి ముఖం మీదికి వంగి "ఇంకొకటి లేపు, ఇంకొకటి!" అని అరిచేవాణ్ణి. ఏసీ కోసం కిటికీలన్నీ మూసే ఉండేవి.

ఆ నెలంతా ఒంట్లో ఏం జరిగినా నా దగ్గర జిమ్ జవాబు ఒకటి సిద్ధంగా ఉండేది. ఆకలి లేదంటే, డైటింగ్‌లో ఉన్నవాడికి అంతకంటే వరం ఏముంది అనుకున్నాను. రాత్రిళ్లు బనియన్ తడిసేలా చెమట పడితే, కండ కోసం మింగే మాత్రల వేడి అనుకున్నాను. పొడి దగ్గు ఏసీ వల్ల, సాయంత్రం జ్వరం ఎక్కువ కసరత్తు వల్ల. నా భార్య రేణుక బట్టలు కుడుతుంది. మనిషిని చూసి కొలత చెప్పగలదు.

"భుజాలు గూడ తగ్గినయ్. గిదేం కటింగ్? దవాఖానకు పోదాం పా" అంది.

"నీకేం తెల్సు? పోటీ అయ్యేదాక జర ఆగు" అన్నాను. తెలియనిది నాకే.

మిర్యాలగూడలో నా బరువు విభాగంలో మొదటి బహుమతి నాకే వచ్చింది. స్టేజీ దిగగానే మా పాత మాస్టర్ నా పొట్ట తట్టి, "ఇన్నేళ్లకు సాధించినవ్ రా! ఏం కట్స్ రా నాయనా!" అని మురిసిపోయాడు. నేనూ మురిసిపోయాను.

స్టేజీ లైట్ల కింద కండ బాగా కనపడాలని ఒంటినిండా ముదురు గోధుమ రంగు పూసుకుంటాం. మర్నాడు స్నానం చేస్తుంటే దగ్గు వచ్చి ఎర్రగా ఉమ్మాను. రంగు నోట్లోకి పోయిందనుకున్నాను. రెండో రోజూ అలాగే అనుకున్నాను. మూడో రోజుకు ఒంటి మీద రంగు చుక్కయినా మిగల్లేదు, ఉమ్ములో మాత్రం ఎరుపు ఉంది. రేణుకను పిలిచి చూపించాను. చాలా భయం వేసింది.

రేణుక ఇక నా మాట వినలేదు. సూర్యాపేట బస్సెక్కించింది. అక్కడ డాక్టరు గారు ఎక్స్‌రే, కఫం తీసి చూసే స్పుటమ్ టెస్ట్ రాశారు. కుడి ఊపిరితిత్తి పైభాగంలో తెల్లటి మచ్చ, దాని మధ్యలో చిన్న గుల్ల కనిపించాయి. "దీన్ని కేవిటీ అంటం. స్పుటమ్ పాజిటివ్ వచ్చింది, టీబీనే. పరేషాన్ గాకు. మందులు సరిగ్గ వాడితే పూర్తిగ తగ్గుతది" అన్నారు. తర్వాత రెండు ప్రశ్నలు అడిగారు. వేరే మాత్రలేమైనా వాడుతున్నావా? లేదు సార్ అన్నాను. ఇంట్లోవాళ్లు కాక నీతో దగ్గరగా మసిలేవాళ్లున్నారా? లేదు సార్, జిమ్‌లో ఎవరి కసరత్తు వాళ్లదే అన్నాను. రెండూ అబద్ధాలే.

టీబీ అని పొక్కితే జిమ్‌లో నా దగ్గరికి ఒక్కరూ రారని భయం. అందుకే అందరికీ టైఫాయిడ్ అని చెప్పాను. మన దగ్గర టైఫాయిడ్ పరువైన జబ్బు, బత్తాయిలు పట్టుకుని చూడటానికొస్తారు. సైదులు కూడా తెచ్చాడు. సంచి బల్ల మీద పెడుతూ రెండుసార్లు దగ్గాడు. విన్నాను. ఏమీ అనలేదు.

రోజుకు ఐదు మాత్రలు, పరగడుపున. మూత్రం నారింజ రంగులో వచ్చేది, అది మామూలేనని ముందే చెప్పారు. రేణుకకు, మా అమ్మకు పరీక్షలు చేస్తే ఏమీ లేదని తేలింది. మూడో వారం గడిచేసరికి నాకు వాంతులు పట్టుకున్నాయి, కళ్లు పచ్చబడ్డాయి. మళ్లీ సూర్యాపేట. లివర్ పనితీరు చెప్పే ఎల్‌ఎఫ్‌టీ రిపోర్టు చూసి డాక్టరు గారు, "బిలిరుబిన్ గింత పెరిగిందేంది?" అన్నారు. రేణుక చేతిసంచిలోంచి ఒక డబ్బా తీసి ఆయన ముందు పెట్టింది. కండ కోసం వాడే మాత్రలు. ఉన్న కండ కూడా పోతుందన్న దిగులుతో టీబీ మందుల మీద అవి కూడా మింగుతున్నాను.

ఆయన డబ్బా తిప్పి చూసి కింద పెట్టారు. గొంతు పెంచలేదు.

"ఇంకేం దాచినవ్ నా దగ్గర?"

రేణుక నా వైపు చూసింది. "సైదులు" అన్నాను.

అక్కణ్ణుంచే ఫోన్ చేశాను. "అన్నా, టైఫాయిడ్ తగ్గిందా?" అన్నాడు.

"టైఫాయిడ్ కాదు సైదులు, టీబీ. రిపోర్టొచ్చి ఇరవై రెండు రోజులైంది. నువ్వు రేపే వచ్చి పరీక్ష చేయించుకో."

లారీ ఇంజిన్ ఆపమని పక్కవాడికి కేకేశాడు. తర్వాత ఒక్కటే అడిగాడు. "మా పాపను గూడ తీస్కరావాల్నా?"

సైదులుకు స్పుటమ్ పాజిటివ్ వచ్చింది. పాపకు జబ్బు అంటలేదు గానీ, రాకుండా ఆరు నెలలు రోజూ మందు వేయాలన్నారు. దగ్గుతున్నన్ని రోజులూ వాడు కూడా ఏసీ వల్లే అనుకుంటూ ఆ పిల్లను భుజాన వేసుకునే తిరిగాడట. అది విన్న రోజు నేను అన్నం తినలేకపోయాను.

నా మందులన్నీ ఆపేసి, లివర్ కుదుటపడ్డాక ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టారు. మొత్తం ఎనిమిది నెలలు పట్టింది. జిమ్‌లో నేనే నిలబడి నిజం చెప్పాను. చాలామంది పరీక్ష చేయించుకున్నారు, ఎవరికీ ఏమీ లేదు. కొందరు మానేశారు, అందులో సగం మంది మళ్లీ వచ్చారు. ఇప్పుడు కిటికీలు తెరిచే ఉంచుతున్నాం, ఎండాకాలం ఉడికిపోతున్నా సరే. సైదులుకు కూడా నయమైంది. ఇద్దరం మునుపటిలో సగం బరువులతో మళ్లీ మొదలుపెట్టాం. స్టేజీ ఎక్కుతానో లేదో తెలియదు. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. వాడి భార్య మాత్రం నాతో మాట్లాడదు. ఆమెది తప్పనను.

చదివేవాళ్లకు ఒక్కటే చెప్తాను. రిపోర్టు చేతికొచ్చిన రోజే, ఆస్పత్రి గేటు దాటకముందే, మీతో ఒకే గదిలో ఊపిరి పీల్చినవాళ్లందరికీ ఫోన్ చేయండి. జనం ఏమనుకుంటారో తర్వాత చూసుకోవచ్చు. నేను నోరు విప్పడానికి ఇరవై రెండు రోజులు తీసుకున్నాను. నాలుగేళ్ల పిల్ల ఆరు నెలల పాటు రోజూ చేదు మాత్ర మింగింది.