పెంట మీంచి ఎత్తుకున్న హన్మవ్వ

ఎవరికైనా దయ్యం పట్టిందంటే ముందు ఇంత అన్నం పెట్టి చూడండి అనేదాన్ని. సగం దయ్యాలు కడుపు నిండితే పోతాయి. అలాంటి నేనే ఇది రాస్తున్నాను.

మాది రాయచూరు వైపు, యరగేర దగ్గర పల్లె. మా అన్న నర్సన్న కూతురు సుజాతకు చిన్నప్పుడు రక్త క్యాన్సర్ వచ్చింది. హైదరాబాదులో ఏళ్ల తరబడి మందులు ఎక్కించారు. పిల్ల బతికింది. ఆ మందులు పెద్దయ్యాక కూడా గుండెను దెబ్బతీయవచ్చు, ఏటా చూపించండి, కడుపుతో ఉన్నప్పుడు అసలు మానొద్దు అని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది.

మా వైపు బతకదనుకున్న పిల్లను పెంటకుప్ప మీద పడుకోబెడతారు. పరాయి మనిషి ఎత్తుకుని, దొరికిన బిడ్డలా మన చేతికి ఇస్తుంది. ఇక ఆమె కూడా తల్లే. పెళ్లిలో మొదటి చీర ఆమెకే. సుజాతను ఎత్తుకున్నది కవితాళ ఊరి హన్మవ్వ, ఒక చెవితమ్మె తెగిన మనిషి.

మా అన్న ఆమెను పెళ్లికి పిలవలేదు. పిలిస్తే ఎందుకు ఎత్తుకుందో చెప్పాలి, జబ్బు సంగతి వియ్యాలవారికి తెలుస్తుందని భయం. గుండె పరీక్షలు కూడా అందుకే మానిపించాడు. హన్మవ్వ మా ఇంటి పేరు చెబితే ఉమ్మేస్తోందని విన్నాం.

సీమంతం మా అన్న ఇంట్లోనే, మిట్టమధ్యాహ్నం. సుజాత వాకిలి దాకా నడిస్తే ఆయాసపడుతోంది. కడుపుతో ఉంది కదా అన్నారంతా. గాజులు తొడుగుతుంటే హన్మవ్వ లోపలికి వచ్చి పీట ముందు నిలబడింది.

"ఏం నర్సన్నా, చీర ఎగ్గొడ్తివి, సరే. పిల్ల గుండె చూపిచ్చినవా? రక్తంల క్యాన్సర్ ఉండెనని వీళ్లకు చెప్పినవా?"

సుజాత అత్తగారు సావిత్రమ్మ గాజుల పళ్లెం నెట్టేసింది. "మోసం చేస్తివి గదన్నా. రోగం పిల్లను మా నెత్తికి కడ్తివి."

"నీ కొడుకేమన్న పహిల్వానా వదినా?" అన్నాను నేను.

"మీ కొట్లాట తర్వాత పెట్టుకోండ్రి. దాని పెదవులు చూడుండ్రి," అంది హన్మవ్వ.

చూశాం. నల్లబడుతున్నాయి. మళ్లీ తల తిప్పేసరికి ఆమె లేదు.

రాయచూరు ఆసుపత్రిలో గుండె బాగా నీరసించిందన్నారు. చిన్నప్పటి మందుల వల్లే అయి ఉంటుందట. నెలలు నిండకముందే బిడ్డను తీశారు. ఇద్దరూ దక్కారు. సుజాత గుండె మాత్రలు ఎన్నేళ్లు మింగాలో ఎవరూ చెప్పలేదు. సావిత్రమ్మ మనవణ్ణి ఎత్తుకుంటుంది, మాతో మాట్లాడదు.

చీర తీసుకుని కవితాళ వెళ్లాను. హన్మవ్వ మంచంలో ఉంది. పోయిన వానాకాలం నుంచి, అంటే సీమంతానికి ముందు నుంచే, నడుం కింద చచ్చుబడింది, మంచం దిగలేదని కోడలూ ఇరుగుపొరుగూ చెప్పారు. నేనొక్కదాన్నే చూసుంటే ఎండదెబ్బ అనుకునేదాన్ని. ఆమెను ఎన్నడూ ఎరుగని సావిత్రమ్మ కూడా, మాతో మాట మానకముందు, ఆ తెగిన చెవితమ్మెతో సహా గుర్తులు చెప్పింది.

జరిగింది హన్మవ్వకు చెప్పాను. మొహం గోడవైపు తిప్పుకుంది.

"పిలిస్తిరా, నేను రానీకి?" అంది. చీర ముట్టలేదు.

నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. వచ్చింది ఆమె కాకపోతే, ఆ పిల్ల కోసం అంత కోపం ఇంకెవరికి ఉంటుంది?