కాజాలు బయటికిచ్చిన రోజులు

ప్రభువునందు ప్రియ సహోదరులారా, యుద్ధం జరుగుతున్న రోజుల్లో బెజవాడ వన్‌టౌన్‌లో నాకు నాలుగు మిషన్ల కుట్టు దుకాణం ఉండేది, ఆదివారం గుడిలో ముందు వరుస, మిగతా ఆరు రోజులూ సారాయి, అదీ నా భక్తి. సిపాయిల ఖాకీ చొక్కాల పని వచ్చిపడితే నలుగురు కుట్టువాళ్ళతో తెమలక, కాజాలూ బొత్తాల పనీ ఏలూరు కాలువ గట్టున ఉండే ఆడవాళ్ళకు బయటికిచ్చాను. వాళ్ళలో పెద్దావిడ ఎస్తేరమ్మగారు, విధవరాలు. మూటలు నెత్తిన పెట్టుకుని వాళ్ళు వంతెన మీదుగా వరుసగా నడిచి వస్తుంటే ఎంత బాగుండేదో, ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. నేను మాత్రం నోటి దురుసు మనిషిని, బయటివాళ్ళ పని ఇంతే అంటూ ప్రతి కుట్టుకూ వంక పెట్టి తిట్టేవాణ్ణి.

ఒకనాడు తాగిన మత్తులో ఒక మూట చొక్కాలన్నిటికీ కాజాల గుర్తులు ఎడమవైపుకు బదులు కుడివైపు గీసి పంపేశాను. మర్నాడు మత్తు దిగాక గుర్తొచ్చింది. కోసిన కాజా మళ్ళీ మూసుకోదు కదా, ఆ చొక్కాలు పాడైతే పని పోతుంది, నలుగురు కుట్టువాళ్ళ కుటుంబాలూ నా పిల్లలూ వీధిన పడతారు. పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఎస్తేరమ్మగారి వసారాలో ఆడవాళ్ళందరూ చొక్కాలు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుని ఉన్నారు. "తండ్రీ, ఇవి తొడుక్కునే బిడ్డల్ని కాపాడు. మాకు పనిచ్చే మేస్త్రిగారిని ఆ తాగుడునుంచి విడిపించు" అని ఎస్తేరమ్మగారు ప్రార్థిస్తున్నారు.

ప్రార్థన అయ్యాక చొక్కాలు తీసి చూస్తే కాజాలన్నీ ఎడమవైపే ఉన్నాయి. "గుర్తులు కుడివైపు పడ్డాయండి. మీరలా గియ్యరు కదా అని చెరిపేసి కుట్టామండి" అన్నారావిడ. రోజూ నాచేత తిట్లు తినే మనిషి ఆవిడ. సిగ్గుతో చచ్చిపోయాను. అక్కడే మోకాళ్ళూని, "ప్రభువా, గీసింది నేనే, నన్ను విడిపించు" అని ఏడ్చాను.

పదిహేను రోజులు ఒళ్ళంతా వణికింది, సాయంత్రమైతే కాళ్ళు సారాయి కొట్టు వైపే లాగేవి, అప్పుడల్లా వెళ్ళి ఆ వసారాలో కూర్చుని వాళ్ళతోపాటు బొత్తాలు కుట్టేవాణ్ణి. ఆనాటినుంచి ఈనాటివరకు చుక్క ముట్టలేదు, దేవునికే మహిమ. యుద్ధం ముగిసింది, ఖాకీ పనీ పోయింది, ఎస్తేరమ్మగారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. మొదటి మూట అందుకున్న రోజునుంచే నా పేరెత్తి ప్రార్థించేవారని ఆవిడ పోయాక తెలిసింది.

తాగుడులో ఉన్న తమ్ముడా, నువ్వు పొద్దున తిట్టి వచ్చిన మనిషే ఈపాటికి నీ కోసం మోకరించి ఉందేమో, వెళ్ళి ఆ పక్కనే మోకరించు, ఆయన వింటాడు.