కొంగు మీద మూడు చుక్కలు

పోలీసు యాక్షన్ అయిన కొత్తలో కోస్గి అంగడిలో నారాయణపేట చీర కొన్నాను. ఇంటికొచ్చి విప్పితే కొంగు మూలన మూడు నల్లటి చుక్కలు! కొత్తదేనని ఒట్టేసి అంటగట్టినవాణ్ణి తిట్టుకుంటూ ఉప్పద్దిన నిమ్మచెక్కతో రుద్దాను. పుల్లటి మజ్జిగలో నానబెట్టాను. రవ్వంతైనా పోలేదు.

ఆ చీరే కట్టుకుని ఒకనాడు మహబూబ్‌నగర్ బస్సెక్కాను. పక్కన కూర్చున్న ముసలామె ఊళ్లో చాకలి పని చేసేదని మాటల్లో తెలిసింది. "అవ్వా, గీ మరక దేంతోని పోతది?" అని కొంగు చూపించాను.

ఆమె కొంగు లాక్కుని చూసింది. ముఖం కందగడ్డలా అయింది.

"మరకనా? గిది నేను జీడిగింజ రసంతోని పెట్టిన జీడిగుర్తు, ఎన్నటికి పోదు! ఒకరి బట్టలు ఇంకొకరికి పోవద్దని ఇంటికో గుర్తు పెడుతుంటి. మూడు చుక్కలు మా రాజవ్వ ఇంటివి. ఊరు లూటీ చేసి ఇండ్లు కాలవెట్టిండ్రు, వాళ్ల చేతులు విరగ! రాజవ్వ యాడికి పోయిందో, ఉన్నదో లేదో!"

నాకు ఒళ్లు మండిపోయింది. "సంచిల ఇంకో చీర ఉన్నది. దిగంగనే మార్చుకొని గిది నీకే ఇస్త. నాకొద్దు గీ లూటీ సొమ్ము," అన్నాను.

"నాకెందుకు?" అని కసిరింది. "కట్టుకో. అంగట్ల, జాతరల, పెండ్లిండ్లల్ల కట్టుకొని తిరుగు. రాజవ్వ బతికుంటే నీ కొంగు పట్టుకొని అడుగుతది. గప్పుడియ్యి."

చిరుగులు పట్టేదాకా కట్టాను. ఆ మూడు చుక్కలూ పైకి కనిపించేలాగే కొంగు వేసుకున్నాను. ఎవరూ పట్టుకోలేదు.